దారిలో తగవులాడుకోకండి

  ఈ కొద్ది నిమిషములు దేవుని వాక్యమును కలిసి ధ్యానించుకుందాము.

సెలవుల కాలము వస్తే మన కుటుంబములు ప్రయాణములు పెట్టుకుంటాయి. ఒకప్పుడు సెలవులంటే అమ్మమ్మగారి ఊరు. బస్సెక్కితే సాయంత్రానికి చేరేవాళ్ళము. ఇప్పుడు కాలము మారింది. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము ప్రారంభమైంది. 2017 ఏప్రిల్‌లో ఉడాన్ పథకము క్రింద కడప నుండి హైదరాబాదుకు విమానము ఎగిరింది. విమానమంటే ధనవంతుల సంగతి అనుకున్న రోజులు పోయి, నెలజీతము మీద బ్రతికేవారు కూడా సంవత్సరమంతా కొంచెము కొంచెము కూడబెట్టి, పిల్లలను ఒక్కసారైనా విమానమెక్కించాలని ఆశపడుతున్నారు. ఆ ఆశలో తప్పు లేదు. కుటుంబమంతా కలిసి సంతోషించడము దేవుడిచ్చిన దీవెనే. అయితే ఆ ప్రయాణములో మొదటి రోజును గూర్చి ఈ దినము మీతో మాట్లాడాలని ప్రభువు నా హృదయములో ఒక భారము పెట్టాడు.

ముందుగా ఆదికాండము 45వ అధ్యాయము చూద్దాము. యోసేపు తన్ను తాను సహోదరులకు తెలియపరచుకున్నాడు. వారిని కౌగిలించుకొని ఏడ్చాడు. ఫరో బండ్లు ఇచ్చాడు. తండ్రి కొరకు పది గాడిదల మీద ఐగుప్తులోని శ్రేష్ఠమైన వస్తువులు, మరి పది గాడిదల మీద ధాన్యము, దారి భోజనము పంపించాడు యోసేపు. అంతా సిద్ధము. ఇక బయలుదేరడమే. అప్పుడు 24వ వచనములో యోసేపు ఒక్క హెచ్చరిక చేస్తున్నాడు. దొంగలున్నారు జాగ్రత్త అనలేదు. నీళ్ళు సరిపడా పట్టుకోండి అనలేదు. దారిలో మీలో మీరు తగవులాడుకోవద్దు అన్నాడు.

ఎందుకు ఆ మాట అన్నాడు? దానికి కారణము మూడు అధ్యాయములు వెనుక ఉన్నది. 42వ అధ్యాయములో, ఈ సహోదరులు మొదటిసారి ఐగుప్తుకు వచ్చి ఇబ్బందిలో పడ్డారు. వెంటనే రూబేను ఏమన్నాడో తెలుసా? ఆ చిన్నవాని విషయములో పాపము చేయవద్దని నేను మీతో చెప్పలేదా, మీరు వినలేదు గదా అన్నాడు. ఇరవై ఏండ్లు దాటిన తరువాత కూడా ఆ మాట అతని నాలుక చివరనే ఉంది. తమ మాటలు యోసేపుకు అర్థమవుతున్నాయని వారికి తెలియదు, ఎందుకంటే మధ్యలో ద్విభాషి ఉన్నాడు. యోసేపు విన్నాడు. వారి యొద్ద నుండి అవతలకు వెళ్ళి ఏడ్చాడు. కనుక ఈ అన్నదమ్ములు దారిలో పడితే ఏమవుతుందో అతనికి తెలుసు. బెన్యామీనుకు అయిదు దుస్తులు, మూడు వందల తులముల వెండి. మిగిలినవారికి ఒక్కొక్క జత. ఆ తేడా చాలు ఒక తగవుకు. అన్నిటికంటె ముఖ్యముగా, ఇంటికి వెళ్ళి తండ్రికి నిజము చెప్పాలి. తప్పు ఎవరిది? గుంటలో పడవేద్దామన్నది ఎవరు? అమ్మేద్దామన్నది ఎవరు? నేను ముందే చెప్పలేదా? బండ్ల మీద ఐగుప్తు దీవెనలు, హృదయములో మాత్రము పాత లెక్కలు.

ప్రియులారా, "నేను ముందే చెప్పాను గదా" అన్న ఈ మాట మన ఇండ్లలో ఎక్కువగా ఎప్పుడు వినబడుతుంది? ప్రయాణములో. అందులోనూ మొదటి రోజున.

ఒక కుటుంబమును మనసులో ఊహించుకోండి. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న పట్టణము. తండ్రికి ఉద్యోగము, తల్లి బడిలో పంతులమ్మ, ఇద్దరు పిల్లలు, పిల్లల నానమ్మ. హైదరాబాదు నుండి ఢిల్లీకి విమానము, అక్కడ నుండి సిమ్లాకు కారు. రెండు నెలల ముందే టిక్కెట్లు తీసుకున్నారు. సంఘములో ప్రార్థన కూడా చేయించుకున్నారు. రాత్రి బస్సెక్కారు. బస్సు గంటన్నర ఆలస్యము. ఎల్.బి. నగర్‌లో దిగేసరికి తెల్లవారింది. కారులో శంషాబాదు చేరేసరికి ఎవరికీ నిద్ర లేదు, కడుపులో ఏమీ లేదు. ద్వారము దగ్గర ఆధార్ కార్డులు చూపమన్నారు. అవి ఏ సంచిలో ఉన్నాయి? "మీ దగ్గరే కదండీ పెట్టుకున్నారు" అని ఆమె. "నీకే ఇచ్చాను గదా" అని ఆయన. వెనుక వరుసలో జనము చూస్తున్నారు. చివరికి చిన్నవాడి బొమ్మల సంచిలో దొరికాయి.

లోపల సామాను తూచారు. మన దేశములో తిరిగే చాలా విమానాలలో మామూలు టిక్కెట్టుకు మనిషికి 15 కిలోల సామాను, చేతిసంచికి 7 కిలోలు. వీరిది ఎనిమిది కిలోలు ఎక్కువ తూగింది. ఇప్పుడు అందరి ముందూ నేల మీద పెట్టె తెరవాలి. స్వెట్టర్లు, పూతరేకుల ప్యాకెట్లు, తువాళ్ళు, మధ్యలో గుడ్డలో చుట్టిన ఆవకాయ సీసా. అక్కడ ఆ తండ్రి నోటి నుండి మాట జారింది. "ఈ సీసాలు వద్దని ముందే చెప్పాను గదమ్మా! నీతో ఎప్పుడూ ఇంతే." పెద్దామె ఏమీ అనలేదు. సీసా తీసుకొని ఒడిలో పెట్టుకొని ఒక కుర్చీలో కూర్చుంది. కొడుకు ఊరుగాని ఊరిలో చప్పిడి కూడు తినలేడని తెచ్చింది ఆమె.

ఆ తరువాత పెట్టెలో పవర్ బ్యాంకు ఉందని మళ్ళీ పిలిచారు. భద్రతా తనిఖీలో చిన్నవాడి బొమ్మ యంత్రములోకి వెళ్తే ఏడుపు. సీట్లు చూస్తే ఒకరు ముందు, ఒకరు వెనుక. ఇంకా విమానము నేల వదలలేదు. సిమ్లా కొండలు కనబడలేదు. కాని ఆ ఇంటివారిలో ఒకరితో ఒకరు సరిగా మాట్లాడుకునేవారు లేరు.

ఇది ఎక్కడో జరిగిన కథ అనుకోకండి. ఆ స్థలములో మీ ఇంటిని పెట్టి చూసుకోండి. కాపరిగా ఇండ్లను దర్శించినప్పుడు నేను గమనించిన సంగతి ఒకటి చెప్తాను. యాత్ర నుండి వచ్చినవారు ఫొటోలు చూపిస్తారు. అన్నిటిలో నవ్వులే. కాని ప్రార్థన చేసి లేచి వచ్చేటప్పుడు, గుమ్మము దగ్గర నిలబడి ఎవరో ఒకరు మెల్లగా అంటారు, "బాగానే జరిగింది అయ్యగారూ, నేనే వెళ్ళకుండా ఉండాల్సింది" అని. ఆ మాటలో బరువు ఎంత ఉన్నదో ఆలోచించండి. డబ్బు ఖర్చు పెట్టి, సెలవు పెట్టి, వందల మైళ్ళు వెళ్ళి, మన సొంత మనిషికి మనము నేర్పించినది నీవు మాకు అదనపు బరువు అని అయితే, ఆ యాత్ర వలన లాభమేమిటి?

విమాన ప్రయాణములో ఎందుకు ఇంత ఒత్తిడి? రైలులో హైదరాబాదు నుండి ఢిల్లీకి ఒక పగలు ఒక రాత్రి పైగా పడుతుంది. విమానము రెండు గంటల చిల్లరలో దింపుతుంది. కాని రైలులో బెర్తు మీద సామాను సర్దుకున్న తరువాత ఇక తొందర లేదు. భార్యాభర్తలు కాజీపేట దగ్గర మాట అనుకుంటే, నాగపూరు వచ్చేసరికి ఒకే పొట్లములోని పులిహోర తింటూ మాట్లాడుకుంటారు. విమానము రోజున ఆ వ్యవధి లేదు. సాధారణంగా గంట ముందే సామాను కౌంటరు మూసేస్తారు. 25 నిమిషముల ముందే గేటు మూసేస్తారు. ఒక గడియారము తరువాత ఇంకొక గడియారము మనలను తరుముతుంది. తప్పు జరిగితే దిద్దుకునే సమయము లేదు గనుక, తప్పు ఎవరిదో తేల్చాలనే ఆత్రము పుడుతుంది. మనము పారిపోవాలనుకునేది గడియారము నుండి. కాని కొట్టేది ప్రక్కనున్న మనిషిని. ఎందుకంటే గడియారమును కొట్టలేము. కౌంటరులో కూర్చున్న అమ్మాయిని ఏమీ అనలేము, పరాయి మనిషి గదా, మర్యాదగా మాట్లాడతాము. మన భార్య, మన భర్త, మన తల్లి, మన బిడ్డ మాత్రము చేతికి అందుబాటులో ఉన్నారు.

ప్రియ శ్రోతలారా, పరాయివారికి ఇచ్చే మర్యాద సొంతవారికి ఇవ్వలేకపోతే మన భక్తి ఎక్కడ?

ఇప్పుడు రెండవ సంగతి. ఆదికాండము 33వ అధ్యాయములో యాకోబు, ఏశావు చాలా కాలమునకు కలుసుకున్నారు. కలిసి ప్రయాణము చేద్దామన్నాడు ఏశావు. అతనితో నాలుగు వందలమంది మనుష్యులున్నారు, వేగముగా నడిచేవారు. యాకోబు ఏమన్నాడంటే, పిల్లలు పసివారు, మందలో పాలిచ్చేవి ఉన్నవి, ఒక్క దినము వీటిని వడిగా తోలితే మంద అంతా చస్తుంది, నేను పిల్లలు నడువగలిగిన కొలది మెల్లగా వస్తాను అన్నాడు. యాకోబు ఆ తరువాత శేయీరుకు వెళ్ళక సుక్కోతుకు వెళ్ళాడు గనుక ఇది తప్పించుకొనుటకు చెప్పిన మాట అని కొందరు పండితులంటారు. అది నిజమే కావచ్చు. అయినా ఆ మాటలో ఒక కాపరి అనుభవము ఉన్నది. ఒక్క దినము చాలు! నెల రోజులు తోలనవసరము లేదు. ఒక్క రోజు మితిమీరి తోలితే నష్టము జరిగిపోతుంది.

మీ ప్రయాణపు మొదటి రోజును ఎవరి నడకను బట్టి ఏర్పాటు చేశారు? ఇంటిలో అందరికంటె వేగముగా నడిచేవారి నడకను బట్టియా, అందరికంటె మెల్లగా నడిచేవారి నడకను బట్టియా? రాత్రంతా బస్సు, ఉదయమే విమానము, దిగగానే మళ్ళీ ఎనిమిది తొమ్మిది గంటలు కొండదారి, ఇదంతా ఒకే రోజు పెట్టుకుంటే మీకు ఒక రోజు కలిసి వస్తుంది, నిజమే. కాని మోకాళ్ళ నొప్పులున్న తల్లికి, అయిదేండ్ల బిడ్డకు ఆ ఒక్క రోజు ఎంత? ముందు రోజే బయలుదేరి హైదరాబాదులో బంధువుల ఇంట ఒక రాత్రి పడుకోవచ్చు. టిక్కెట్టు తీసుకునేటప్పుడే పెద్దవారికి చక్రాల కుర్చీ కావాలని చెప్పి పెట్టుకోవచ్చు. ఆధార్ కార్డులన్నీ ఒక్క సంచిలో, ఒక్కరి మెడలో ఉండవచ్చు. ఇంటి దగ్గరే పెట్టెలు తూచుకోవచ్చు. ఇవి ఆత్మీయ సంగతులు కావని అనుకోకండి. ఎజ్రా బబులోను దేశము నుండి బయలుదేరేటప్పుడు అహవా నది దగ్గర మూడు రోజులు దిగి, జనమును పరిశీలించి, ఆ తరువాత ఉపవాసముండి, తమకును తమ చిన్నపిల్లలకును తమ సామానుకును మంచి ప్రయాణము ఇమ్మని ప్రార్థన చేయించాడు. ఆ వెనుక వెండి బంగారములను తూచి అప్పగించాడు. ప్రార్థన ఉన్నది, తూకమూ ఉన్నది. రెండూ దేవుని పనే.

అయినా ఎంత సిద్ధపడినా ఏదో ఒకటి తప్పుతుంది. అప్పుడేమి చేయాలి?

విమానము దిగేటప్పుడు పిల్లలు ఎందుకు ఏడుస్తారో గమనించారా? చెవి నొప్పి. మన చెవి పొర వెనుక కొంచెము గాలి ఉంటుంది. అక్కడ నుండి గొంతు వెనుక భాగమునకు ఒక సన్నని గొట్టము ఉన్నది. విమానము క్రిందికి దిగుతుంటే బయట గాలి ఒత్తిడి పెరుగుతుంది. ఆ గొట్టము మూసుకొని ఉంటే చెవి పొర లోపలికి నొక్కుకుపోయి నొప్పి పుడుతుంది, మాటలు సరిగా వినబడవు. పిల్లలకు ఆ గొట్టము ఇంకా సన్నము. దానికి మందు ఏమిటి? మింగడము. పసిబిడ్డకు పాలు పట్టమంటారు, పెద్దవారిని ఒక బిళ్ళ చప్పరించమంటారు. మింగినప్పుడు ఆ గొట్టము తెరుచుకుంటుంది. ఒత్తిడి సమానమవుతుంది. చెవి మళ్ళీ వినడము మొదలుపెడుతుంది.

ప్రియులారా, దేవుడు మన దేహములోనే ఒక పాఠము పెట్టాడు. ఒత్తిడి పెరిగినప్పుడు మింగండి. "నేను ముందే చెప్పాను" అన్న మాట నోటి దాకా వచ్చినప్పుడు దానిని మింగండి. ఒక్క మాట మింగితే చెవి తెరుచుకుంటుంది. యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయములో వినుటకు వేగిరపడాలి, మాట్లాడుటకు నిదానించాలి, కోపించుటకు నిదానించాలి అని బోధించాడు. ఆ తండ్రి ఆ ఒక్క మాట మింగి ఉంటే ఏమి విని ఉండేవాడు? "నీకోసమే తెచ్చాను నాయనా" అన్న తల్లి మాట వినేవాడు.

అలాగని తేడా అభిప్రాయములే ఉండకూడదని నేను చెప్పడము లేదు. ఈ విమానమును చేసినవారి సంగతే చూడండి. అమెరికాలో యునైటెడ్ బ్రెదరన్ అనే సంఘములో బిషప్పుగా సేవ చేసిన మిల్టన్ రైట్ గారి కుమారులు విల్బర్, ఆర్విల్. 1903 డిసెంబరు 17న ఆర్విల్ గాలిలోకి లేచి 12 సెకన్లలో 120 అడుగులు ఎగిరాడు. ఈ అన్నదమ్ములు గొంతెత్తి వాదించుకునేవారు. ఒక్కొక్కసారి వాదము ముగిసే వేళకు ఇతని మాట అతడు, అతని మాట ఇతడు పట్టుకునేవారట! వారు సమస్యతో పోరాడారు, మనిషితో కాదు. తండ్రికి ఇచ్చిన మాటను బట్టి ఇద్దరూ ఒకే విమానములో ఎక్కేవారు కాదు. 1910 మే 25న ఒక్కసారి తండ్రి అనుమతితో కలిసి ఎగిరారు. అదే రోజున 81 ఏండ్ల తండ్రిని ఆర్విల్ తన ప్రక్కన కూర్చోబెట్టుకొని మొదటిసారి ఎక్కించాడు. ఆ వృద్ధుడు భయపడలేదు సరిగదా, ఇంకా పైకి తీసుకుపొమ్మన్నాడు. మీ ఇంటిలోని పెద్దవారిని విమానమెక్కించేటప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోండి. వారు మన సామానులో భాగము కాదు. వారు మనలను ఎత్తుకొని ఇంత దూరము తెచ్చినవారు.

మూడవ సంగతి. లూకా సువార్త 2వ అధ్యాయములో ఇంకొక కుటుంబ ప్రయాణమున్నది. యోసేపు, మరియ పస్కా పండుగకు యెరూషలేము వెళ్ళి తిరిగి వస్తున్నారు. పండ్రెండేండ్ల యేసు అక్కడనే ఉండిపోయాడు. గుంపులో ఉన్నాడనుకొని ఒక దిన ప్రయాణము సాగిపోయారు. చూశారా, ఇదికూడా మొదటి రోజే! బంధువులలో వెదికారు, కనబడలేదు. ఆధార్ కార్డు కాదు, ఆవకాయ సీసా కాదు, బిడ్డే కనబడడము లేదు. "నీతో ఉన్నాడనుకున్నాను", "మీతో ఉన్నాడనుకున్నాను" అని తగవులాడుకోవడానికి ఇంతకంటె కారణము కావాలా? కాని వాక్యములో అటువంటి మాట ఒక్కటీ వ్రాయబడలేదు. వారిద్దరూ కలిసి వెనుకకు తిరిగారు. మూడు దినములైన తరువాత దేవాలయములో కనుగొన్నప్పుడు మరియ ఏమన్నది? నీ తండ్రియు నేనును దుఃఖపడుచు నిన్ను వెదకినామన్న భావముతో మాట్లాడింది. భర్తను ముందు పెట్టి, తన్ను ప్రక్కన పెట్టుకొని, ఇద్దరినీ ఒక్క మాటలో కలిపింది. పోయినది ఎవరివల్ల అనేది ఆమె లెక్కలో లేదు. వెదికినది ఇద్దరమూ అనేదే ఉంది. తప్పిపోయిన దానికొరకు కలిసి వెనుకకు తిరగగలిగిన ఇల్లు ధన్యమైన ఇల్లు.

చివరి సంగతి రాత్రిని గూర్చినది. మార్కు సువార్త 9వ అధ్యాయములో శిష్యులు దారి పొడవునా వాదించుకుంటూ వచ్చారు. యోసేపు తన అన్నలకు ఏది వద్దన్నాడో ఖచ్చితముగా అదే. కపెర్నహూములో ఇంటికి చేరిన తరువాత ప్రభువు అడిగాడు, దారిలో మీరు దేనిని గూర్చి వాదించుకుంటున్నారని. వారు ఊరకున్నారు. ఎవరు గొప్ప అన్నదే వారి తగవు. మన తగవుల అడుగున కూడా ఉన్నది అదే కదా? నా మాట నెగ్గాలి. నేను చెప్పినదే సరి. ప్రభువు వారిని గద్దించి బయటకు పంపలేదు. కూర్చున్నాడు. ఒక చిన్నబిడ్డను తీసుకొని వారి మధ్యను నిలువబెట్టి, ఎత్తి కౌగిలించుకొన్నాడు.

మీరు ఆ మొదటి రాత్రి హోటలు గదికి చేరుతారు. అందరూ అలసిపోయి ఉంటారు. పెట్టెలు అలాగే పడి ఉంటాయి. ఒకరు గోడ వైపు తిరిగి పడుకుంటారు, ఒకరు ఫోను చూస్తూ కూర్చుంటారు. ఆ గదిలోనికి ప్రభువు వచ్చి అదే ప్రశ్న అడుగుతున్నాడు: దారిలో ఏమి మాట్లాడుకున్నారు? అప్పుడు మీరు ఏమి చెప్తారు?

పవర్ బ్యాంకును పెద్ద పెట్టెలో ఎందుకు పెట్టనివ్వరో తెలుసా? దానిలోని బ్యాటరీ ఒక్కొక్కసారి వేడెక్కి అంటుకుంటుంది. సామాను గదిలో తాళము వేసిన పెట్టెలో అంటుకుంటే ఎవరి చేతికీ అందదు. చేతిసంచిలో ఉంటే పొగ రాగానే కనిపెట్టి ఆర్పగలరు. కోపము కూడా అంతే. "రేపు చూద్దాములే, యాత్ర అయ్యాక మాట్లాడదాములే" అని లోపల పెట్టి తాళము వేయకండి. అడుగున ఎక్కడో వేడెక్కుతూ ఉంటుంది. ఎఫెసీ సంఘమునకు వ్రాస్తూ అపొస్తలుడైన పౌలు, సూర్యుడు అస్తమించే వరకు కోపము నిలువనీయవద్దని బోధించాడు. చేతికి అందుతున్నప్పుడే ఆర్పండి. ఆ రాత్రే.

ఎలా ఆర్పాలి? చాలా సులువు, చాలా కష్టము కూడా. అందరినీ ఒక మంచము చుట్టూ కూర్చోబెట్టండి. చిన్నబిడ్డను మధ్యలో కూర్చోబెట్టండి. పెద్ద ప్రసంగము వద్దు. ఎవరి నోరు జారిందో వారు ముందు మాట్లాడాలి. "అమ్మా, ఉదయము అందరి ముందూ నిన్ను అలా అనకూడదు, నన్ను క్షమించు" అని కొడుకు అనాలి. అలసిపోయాను గనుక అన్నాను, నిద్ర లేక అన్నాను అని దానికి తోక తగిలించవద్దు. తోక తగిలిస్తే అది క్షమాపణ కాదు, సంజాయిషీ. పిల్లల ముందు అన్నమాటకు పిల్లల ముందే క్షమాపణ అడగాలి. తండ్రి నాయనమ్మను క్షమాపణ అడగడము చూసిన బిడ్డ సిమ్లా మంచును మరచిపోయినా దానిని మరువడు. ఆ తరువాత ఆవకాయ సీసా మూత తీసి అందరూ కలిసి అన్నము తినండి. అది మీ మొదటి రోజుకు మంచి ముగింపు.

ఈ ప్రసంగము వింటున్నవారిలో విమానము ఎక్కనివారు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. ఇది మనకు సంబంధించినది కాదని అనుకోకండి. ఆటోలో మహాసభలకు వెళ్ళినా, బస్సులో పెండ్లికి వెళ్ళినా దారి దారే. కువైటులో, దుబాయిలో కష్టపడి ఏండ్ల తరబడి ఎదురుచూచి కొద్ది రోజుల సెలవు మీద విమానము దిగే తండ్రులున్నారు మన జిల్లాలలో. వారికి మొదటి రోజంటే ఎంత విలువ! కారులో ఇంటికి వస్తూ ఎవరికి ఏమి తెచ్చావని, ఎవరికి ఎక్కువ తెచ్చావని మొదలుపెట్టకండి. మనిషి వచ్చాడు, అది చాలు. ఫరో యాకోబు కుటుంబమునకు పంపిన మాటలో ఇదికూడా ఉన్నది, మీ సామానును గూర్చి చింతపడకండి, మంచిదంతా ఇక్కడ మీకొరకు ఉన్నది అని. పోయిన సామాను మళ్ళీ కొనుక్కోవచ్చు. నలిగిన హృదయమును ఏ దుకాణములో కొంటాము?

చివరిగా ఒక్క మాట. యోసేపు తగవులాడుకోవద్దని చెప్పగలిగాడంటే, అతడు మొదట వారిని క్షమించాడు గనుక. అందరికంటె ఎక్కువ బాధపడినవాడు అతడే. గుంటలో పడినవాడు అతడే. "నేను ముందే చెప్పాను" అనే హక్కు ఎవరికైనా ఉంటే తన కలలను చెప్పిన యోసేపుకే ఉన్నది. అతడు ఆ మాట అనలేదు. మన ప్రభువైన యేసు అంతకంటె గొప్పవాడు. పేతురు తన్ను ఎరుగనంటాడని ఆయన ముందే చెప్పాడు. పేతురు అలాగే పడిపోయాడు. తిరిగి లేచిన ప్రభువు సముద్ర తీరమున పేతురును కలిసినప్పుడు, ముందే చెప్పలేదా అని దెప్పిపొడవలేదు. నిప్పుల మీద చేపలు, రొట్టె సిద్ధము చేసి, వచ్చి తినమని పిలిచాడు. ఆయన మన లెక్క అంతా సిలువలో తీర్చివేశాడు. అంత క్షమాపణ పొందిన మనము, ఒక సీసా కొరకు, ఒక కార్డు కొరకు, ఒక గంట ఆలస్యము కొరకు మనవారి లెక్కలు వ్రాసిపెట్టుకోవడము తగునా?

ఈ సెలవులలో మీరెక్కడికి బయలుదేరినా, గుమ్మము దాటక మునుపు కలిసి మోకరించండి. క్షేమము కొరకు ప్రార్థించండి, దానితో పాటు మీ నాలుకల కొరకు కూడా ప్రార్థించండి. ఇప్పుడే, ఎవరితోనైనా పాత ప్రయాణము నుండి మిగిలిపోయిన మాట ఉంటే, ఈ కార్యక్రమము ముగిసిన వెంటనే వారి దగ్గరకు వెళ్ళండి. వారు వేరే ఊరిలో ఉంటే ఫోను చేయండి. మీ తల్లి గాని, మీ అత్తగారు గాని ఆ మాట కొరకు ఎదురుచూస్తున్నారేమో!

ప్రార్థన చేసుకుందాము. కృపగల తండ్రీ, మా రాకపోకలను కాచువాడవు నీవే. ఈ దినములలో ప్రయాణము చేయుచున్న ప్రతి కుటుంబమును నీ చేతికి అప్పగించుచున్నాము. వారి వాహనములను, వారి పిల్లలను, వారి పెద్దలను కాపాడుము. ఒత్తిడి కలిగినప్పుడు మా నోటికి కావలి ఉంచుము, మా చెవులను తెరువుము. మేము గాయపరచినవారి యొద్దకు ఈ దినమే వెళ్ళుటకు మాకు వినయమునిమ్ము. గాయపడి మౌనముగా ఉన్నవారిని ఓదార్చుము. దారిలో మాతో నడిచి, రాత్రివేళ మా మధ్య నిలిచే ప్రభువైన యేసుక్రీస్తు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.